‘నా వల్ల అవుతుందా?’: సెలక్షన్స్‌కి వెళ్లే పిల్లలు నమ్మకం పెంచుకునే పద్ధతి

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో యూనివర్సిటీల అథ్లెటిక్స్ మీట్ జరిగింది. అక్కడ విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అది 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరు మీద ఉంది. అయినా జ్యోతి టైమింగ్‌ని రికార్డుగా ఒప్పుకోలేదు. ఆ మీట్‌లో డోప్ పరీక్ష (నిషేధిత మందులు వాడారా అని చూసేది) జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య తరఫు సాంకేతిక ప్రతినిధీ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తింది. ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లుంది. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు కాబట్టి మళ్లీ లెక్కలోకి రాలేదు. తర్వాతి నెల సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23 నమోదు చేస్తే చివరికి అది రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. చిత్రమేమిటంటే, రికార్డుగా నిలిచిన పరుగు ముందటి రెండింటికన్నా నెమ్మది.

చాలామంది పిల్లలు తమ మీద నమ్మకాన్ని మొత్తం రిజల్ట్ షీట్ నుంచే తెచ్చుకుంటారు. పేరుంటే ‘నేను తోపు’, లేకపోతే ‘నేను వేస్ట్’. ఆ షీట్ మీదకు గాలి, డ్రా, అంపైర్, ఎవరు ఏ నెలలో పుట్టారన్నది ఇలా నీ చేతిలో లేనివి చాలా వచ్చి చేరతాయి. అందుకే నమ్మకాన్ని ప్రాక్టీస్‌లో, నీ చేత్తో, నీకు కనిపించేలా పోగేసుకోవాలి. అదెలాగో ఇక్కడ వరుసగా చెప్తాను. స్కూల్ గేమ్స్, జిల్లా సెలక్షన్స్, స్టేట్ మీట్ల చుట్టూ తిరిగే 12 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం ఇది. పేరెంట్స్‌కి ఒక భాగం విడిగా ఉంది. మిగతాది కూడా వాళ్లు చదివితే మంచిదే.

మొదటి మెట్టు: అనుమానాన్ని పూర్తిగా మాట్లాడనివ్వు

‘నా వల్ల కాదు’ అనేది సగం వాక్యం. ఏది కాదు? ఎప్పుడు కాదు? ఎవరి ముందు కాదు? ఒక కాగితం తీసుకుని మిగతా సగం రాయి. ‘నా వల్ల కాదు’ కాస్తా ‘బ్యాక్‌హ్యాండ్ వైపు ఎత్తి కొడితే నా రిటర్న్ సగం కోర్టు దాటదు’ అని మారితే, అది కోచ్‌కి చూపించదగిన సమస్య. రెండు వారాలు ప్రాక్టీస్ చేయదగిన సమస్య కూడా. ఇలాంటి అనుమానాన్ని తరిమేయకు. సరిగ్గా సిద్ధం కాలేదని నీకు నువ్వే చెప్పుకుంటున్నావు, వినాలి.

‘ఓడిపోతే బాబాయి వాళ్లు ఏమనుకుంటారో’ అని రాశావనుకో, అందులో ఆట లేదు, జనం ఉన్నారు. దానికి గ్రౌండ్‌లో మందు లేదు. దాని సంగతి కింద ఇంట్లోవాళ్ల భాగంలో చూద్దాం.

మూడో రకం శరీరం నుంచి వస్తుంది. దీన్ని పిల్లలే కాదు, చాలామంది పీఈటీ సార్లు కూడా పట్టించుకోరు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

రెండో మెట్టు: ఒళ్లు ఏం చెబుతోందో చూడు

అమ్మాయిలు 11–12 ఏళ్ల మధ్య, అబ్బాయిలు 13–14 ఏళ్ల మధ్య సాధారణంగా అన్నిటికన్నా వేగంగా ఎదుగుతారు. కొందరికి ఇది ముందూ వెనకా అవుతుంది. ఆ కొన్ని నెలల్లో ముందు కాళ్లూ చేతులూ పొడవవుతాయి, ఒళ్లు తర్వాత అందుకుంటుంది. అన్న బూట్లు వేసుకుని పరిగెత్తినట్టుంటుంది. నిన్నటిదాకా హర్డిల్స్ మధ్య సరిగ్గా మూడు అడుగులు పడిన పిల్లకి అడుగులు తప్పుతాయి. లాంగ్ జంప్ రనప్ మార్కు కుదరదు. సర్వీస్ టాస్ అటూ ఇటూ పోతుంది. ‘ఆట మర్చిపోయాను’ అనుకుంటారు. మర్చిపోలేదు. కొత్త పొడవుకి మెదడు లెక్క సరిచేసుకుంటోంది.

కనిపెట్టడం సులభం. ప్రతి నెలా ఒకటో తారీఖున గోడకి ఆనుకుని నిలబడి ఎత్తు గుర్తు పెట్టించుకో. నెలకి ముప్పావు సెంటీమీటరు దాకా పెరుగుతుంటే, ఆ కొన్ని నెలలు టైమింగ్ మెరుగుపడలేదని కంగారుపడకు. రనప్ మార్కుని తరచూ మళ్లీ కొలుచుకో. ఈ వయసులోనే మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పులు కూడా వస్తుంటాయి. ‘పిల్లలకి నొప్పులేంటి’ అని తోసేయకుండా డాక్టర్‌కి చూపించాలి.

పుట్టిన నెల సంగతి ఇంకోటి. వయసు విభాగాలు జనవరి 1 లెక్కన కట్టేచోట, జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే అండర్–14లో నిలబడతారు. ఇద్దరికీ దాదాపు ఏడాది తేడా. పదమూడేళ్ల వయసులో ఏడాది అంటే ఎత్తు, బరువు, బలం అన్నీ తేడాయే. పొట్టిగా ఉన్నావని సెలక్షన్‌లో పక్కన పెడితే, అది నీ ఆట మీద చివరి తీర్పు కాదు. దీనికి తిరగేసిన మాట కూడా నిజం. త్వరగా ఎదిగి, ఒంటి బలంతో గెలిచే పిల్లలు టెక్నిక్ నేర్చుకోకుండా 17 దాటితే ఆ రోజున మిగతావాళ్లు వాళ్లని అందుకుంటారు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. సీనియర్లలో ప్రపంచ టైటిల్ వచ్చింది 2022లో. మధ్యలో భుజం గాయంతో చాలాకాలం రింగ్‌కి దూరమైంది.

అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. మెట్లెక్కితే ఆయాసం, చివరి 100 మీటర్లలో కాళ్లు బరువెక్కడం, ఎప్పుడూ నీరసం ఉంటే ‘నాకు స్టామినా లేదు’ అని తేల్చేయకు. రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ డెసీలీటరుకి 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత. పీరియడ్స్ మొదలయ్యాక ఐరన్ తగ్గడం మన దగ్గర చాలా మామూలు. అది మనసు బలహీనత కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలోనే చికిత్స దొరుకుతుంది. నిద్ర కూడా అంతే. రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూసి, పొద్దున ఐదింటికి గ్రౌండ్‌కి వచ్చిన పిల్లలకి మోటివేషన్ స్పీచ్ దండగ. పడుకోమనాలి.

మూడో మెట్టు: రుజువుల నోట్‌బుక్

‘నేను చేయగలను’ అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందని ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలోనే నాలుగు మూలాలు చెప్పాడు. స్వయంగా చేసి చూడడం, నీలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, నమ్మకమైనవాళ్లు చెప్పే మాట, ఒంట్లో కలిగే స్థితిని నువ్వు అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైంది మొదటిది. ‘సూపర్ రా నువ్వు’ అని వంద మంది పొగిడినదానికన్నా, నిన్న కుదరనిది ఇవాళ కుదరడం ఎక్కువ పనిచేస్తుంది. చిక్కేమిటంటే, మ్యాచ్ ఓడిన రాత్రి ఆ కుదిరినవి ఒక్కటీ గుర్తుకురావు. అందుకే రాసి పెట్టుకోవాలి.

చిన్న నోట్‌బుక్ చాలు. ప్రాక్టీస్ అయ్యాక బూట్లు విప్పేలోపు మూడు లైన్లు. ‘బాగా ఆడాను’, ‘ఈరోజు చెత్త’ లాంటివి రాయకూడదు. అంకె ఉండాలి. బ్యాడ్మింటన్ ఆడే పిల్ల పేజీ ఇలా ఉంటుంది:

‘మంగళవారం. బ్యాక్‌హ్యాండ్ క్లియర్ 20లో 9 వెనక లైన్ దగ్గర పడ్డాయి. పోయిన మంగళవారం 5. తప్పినవన్నీ మోచేయి కిందకి జారినప్పుడే. రేపు: మోచేయి పైకి, 20 మళ్లీ.’

ఇందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. నెల తర్వాత వెనక్కి తిప్పి చదివితే ‘నేను ఎదగట్లేదు’ అనే మాట నిజమో అబద్ధమో తేలిపోతుంది. నిజంగానే ఎదగట్లేదని తేలితే అదీ మంచిదే, కోచ్‌తో మాట్లాడడానికి చేతిలో ఆధారం ఉంది.

రన్నర్లు టైమింగ్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. స్టాప్‌వాచ్‌తో తీసిన టైమ్‌కీ ఎలక్ట్రానిక్ టైమ్‌కీ తేడా ఉంటుంది. చేత్తో బటన్ నొక్కేవాళ్ల వేలు తుపాకీ శబ్దానికి ఆలస్యంగా కదులుతుంది కాబట్టి 100, 200 మీటర్లలో చేతి టైమ్‌కి 0.24 సెకన్లు కలిపి పోల్చడం ఆనవాయితీ. ఊరి గ్రౌండ్‌లో 12.0 వచ్చిన పిల్లాడు స్టేట్ మీట్ బోర్డు మీద 12.24 చూసి, ‘పెద్ద మీట్‌లో నేను ఢీలా పడిపోతాను’ అని నిర్ణయానికి వచ్చేస్తాడు. వాడు పరిగెత్తింది అదే పరుగు. నోట్‌బుక్‌లో టైమ్ పక్కన ‘చేతి’ అనో ‘ఎలక్ట్రానిక్’ అనో రాసుకుంటే ఈ అనవసరపు దెబ్బ తగలదు.

నాలుగో మెట్టు: నేల మారితే ఏమవుతుందో ముందే తెలుసుకో

మన జిల్లాల నుంచి హైదరాబాద్, విజయవాడ వెళ్లి ఆడే పిల్లల్లో కుంగుబాటుకి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం. మట్టిలో కబడ్డీ ఆడినవాళ్లని మ్యాట్ మీదకి, అదీ బూట్లతో దింపుతారు. ప్లాస్టిక్ షటిల్‌తో నేర్చుకున్నవాళ్ల చేతికి ఫెదర్ షటిల్ వస్తుంది. అది కొట్టిన వెంటనే దూసుకెళ్లి, చివర్లో గబుక్కున నెమ్మదించి పడిపోతుంది. టైమింగ్ మొత్తం మారిపోతుంది. ఇండోర్ హాల్‌లో పైకి చూస్తే లైట్లు కళ్లలో పడతాయి. సింథటిక్ ట్రాక్ మీద మొదటిసారి స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు) వేసుకున్నవాళ్లకి మర్నాడు పిక్కలు పట్టేస్తాయి.

అవతలివాళ్లు వీటి మీద రోజూ ఆడతారు. వాళ్లకున్న తేడా చాలావరకు అలవాటు. కాబట్టి సెలక్షన్స్‌కి ముందు, వీలైతే నెల రోజుల ముందు నుంచి, ఆ నేల మీద కొన్నిసార్లైనా ఆడు. దగ్గర్లోని జిల్లా స్టేడియంలో ఒక ఆదివారం అడిగితే చాలాచోట్ల కాదనరు. నలుగురు కలిసి ఒక డబ్బా ఫెదర్ షటిల్స్ కొనుక్కోండి. స్పైక్స్ కొత్తవైతే పోటీ రోజున మొదటిసారి వేసుకోకు. ఏదీ కుదరకపోతే ముందురోజు సాయంత్రానికే చేరుకుని, అరగంట ఆ కోర్టులో నడిచి, గోడలెంత దూరమున్నాయో, వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసుకున్నా ఎంతో కొంత మేలు.

ఐదో మెట్టు: టెన్షన్‌ని ప్రాక్టీస్‌కే పిలిపించు

ప్రాక్టీస్‌లో అదరగొట్టి మ్యాచ్‌లో బిగుసుకుపోయే పిల్లలు ప్రతి గ్రౌండ్‌లోనూ ఉంటారు. వాళ్ల ప్రాక్టీస్‌లో పోగొట్టుకునేది ఏమీ ఉండదు, అదే తేడా. వారానికి రెండుసార్లు కావాలనే ఏదో ఒకటి పణం పెట్టు.

బ్యాడ్మింటన్ అయితే గేమ్‌ని 18–19 నుంచి మొదలుపెట్టు, నువ్వే వెనకబడి. అలా ఐదు గేములు. లాంగ్ జంపర్‌కి నిజం పోటీలో మొదట మూడే అవకాశాలు. ఎక్కువమంది ఉంటే మొదటి ఎనిమిది మందికే మరో మూడు దక్కుతాయి. అందుకని వారంలో ఒక రోజు వార్మప్ తర్వాత మూడే దూకులు, కొలతలతో, సీనియర్లు చూస్తుండగా. ఆపైన ఇంటికే. ఫౌల్ పడితే పడింది. స్ప్రింటర్‌కి ఒక్క ఫాల్స్ స్టార్ట్‌తోనే పోటీ అయిపోతుంది కాబట్టి స్టార్ట్స్ ప్రాక్టీస్‌లోనూ అదే రూల్ పెట్టండి. ముందే కదిలినవాళ్లు ఆ రౌండ్ బయట కూర్చోవాలి. క్రికెట్ వాళ్లకి చెప్పనక్కర్లేదు, ‘ఆరు బంతులు, పన్నెండు పరుగులు’ ఆట గల్లీలోనే ఉంది.

మొదట్లో ఘోరంగా పోతుంది. నోట్‌బుక్‌లో అదీ రాయి. నాలుగో వారానికి 18–19 దగ్గర చేతులు వణకడం పూర్తిగా ఆగకపోవచ్చు, కానీ వణుకుతున్న చేత్తోనే షార్ట్ సర్వీస్ లోపల పడుతుందని తెలిసొస్తుంది. కావాల్సింది అదే.

ఆరో మెట్టు: పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య

‘టెన్షన్ పడకు’ అంటే టెన్షన్ తగ్గిన మనిషిని నేనింతవరకు చూడలేదు. గుండె దడ, చేతులు చల్లబడడం, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్లాలనిపించడం, ఇవన్నీ ఒళ్లు పరుగుకి సిద్ధమవుతున్న లక్షణాలే. పెళ్లిలో బ్యాండు మోగితే కూడా గుండె ఇలాగే కొట్టుకుంటుంది, అప్పుడు భయమనం. పైకే అనుకో: ‘ఊపొచ్చింది, ఒళ్లు రెడీ.’ ‘కూల్, కూల్’ అనుకోవడం కన్నా ఇలా అనుకున్నవాళ్లు మెరుగ్గా చేశారని పరిశోధనలూ చెప్పాయి.

ఆట మధ్యలో వాడుకోవడానికి ఒక చిన్న వరుస తయారు చేసుకో. ముందు ఊపిరి: ముక్కుతో పీల్చి, పీల్చినదానికన్నా రెట్టింపు సేపు నోటితో వదులు. తర్వాత చూపు: రాకెట్ తీగల మీదో, షూ లేసు మీదో ఒక క్షణం. స్కోర్ బోర్డు వైపో, గ్యాలరీలో నాన్న ముఖం వైపో వద్దు. చివరగా ఒక మాట. అది ‘నేను గెలుస్తాను’ కానక్కర్లేదు, అనుమానంలో ఉన్నప్పుడు అలాంటి మాటని మనసు నమ్మదు. చేయాల్సిన పని చెప్పే మాట కావాలి: ‘మోచేయి పైకి’, ‘ముందు కాలు’, ‘బంతి మీదే చూపు’. నిన్ను నువ్వు పేరు పెట్టి పిలుచుకుంటే ఇంకా బాగా ఎక్కుతుంది, పక్కన కోచ్ ఉన్నట్టుంటుంది. ఇంట్లో నిన్ను ముద్దుగా ఏమని పిలుస్తారో ఆ పేరే వాడుకో.

బ్యాడ్మింటన్‌లో 11 పాయింట్ల దగ్గర నిమిషం విరామం, గేముల మధ్య రెండు నిమిషాలు దొరుకుతాయి. ఆ టైమ్‌లో కోచ్ ఐదు తప్పులు చెబితే ఒక్కటీ గుర్తుండదు. ‘సార్, ఒక్కటే చెప్పండి’ అని ముందే అడిగి పెట్టుకో.

ఏడో మెట్టు: ఓడిన రోజు, ఓడిన మర్నాడు

ఓడిన రోజు విశ్లేషణ వద్దు. ఏడుపొస్తే ఏడువు. వాట్సాప్ స్టేటస్ మాత్రం పెట్టకు. తిని పడుకో.

మర్నాడు నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయి. ఏది నా ప్లాన్ ప్రకారం జరిగింది, ఏది ఆట మధ్యలో పాడైంది, వచ్చే పదిహేను రోజుల్లో దేని మీద పనిచేస్తాను. అంతకు మించి తవ్వకు.

పీవీ సింధు 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో ఓడింది. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు సాగింది, మూడో గేమ్‌లో 20–22తో జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా చేతిలో ఓడింది. 2018లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, మళ్లీ ఓటమి. అదే నెల జకార్తా ఆసియా క్రీడల్లోనూ రజతమే. ‘ఫైనల్ అంటే సింధుకి భయం’ అని టీ కొట్ల దగ్గర కూడా మాట్లాడుకున్నారు. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారాని 21–7, 21–7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆట పట్టింది 38 నిమిషాలు. ఇక్కడ పనికొచ్చే సంగతి ఆఖరి గెలుపు కన్నా, వరసగా అన్ని ఫైనల్స్ దాకా రావడం. ఫైనల్‌లో ఓడాలంటే సెమీఫైనల్ గెలవాలి. ఓడిన టోర్నీలో నువ్వు గెలిచిన మ్యాచ్‌లు ఎన్నో లెక్కరాసుకో.

సెలక్షన్ రాకపోతే కోచ్‌నో సెలెక్టర్‌నో మర్యాదగా ఒక్క ప్రశ్న అడుగు: ‘సార్, వచ్చే ఏడాదికి నాలో ఏం మెరుగవ్వాలి?’ సూటిగా జవాబొస్తే అది నోట్‌బుక్‌లోకి పోతుంది. జవాబు రాకపోవచ్చు కూడా. సిఫార్సులు, పక్షపాతాలు లేవని నేను బుకాయించను. కానీ అన్యాయం జరిగినప్పుడు దాన్ని ‘నాకు ఆట రాదు’ అనే ఖాతాలో వేసుకోకు. కోపమొస్తే రానీ. సర్టిఫికెట్, రిజల్ట్ షీట్ ఫొటో, గాలి రీడింగ్ ఇచ్చే పోటీ అయితే అది కూడా భద్రంగా తీసిపెట్టుకో. అలాంటి కాగితాలు ఎంత తేడా చేస్తాయో పైన జ్యోతి విషయంలో చూశాం.

ఇంట్లోవాళ్లకి

అమ్మా, నాన్నా, బైక్ మీద ఇంటికొచ్చే ఆ అరగంటే పిల్లలకి మ్యాచ్ కన్నా కష్టమైన సమయం. ‘ఆ స్మాష్ ఎందుకు వదిలేశావ్?’ అని మీరడిగేది ప్రేమతోనే కావచ్చు. వెనక కూర్చున్నవాళ్లకి అది రెండో ఓటమిలా వినిపిస్తుంది. ‘ఆకలేస్తోందా?’ అని అడగండి. ఆట గురించి వాళ్లే ఎత్తితే వినండి. ‘నీ మీద ఇంత ఖర్చు పెడుతున్నాం’ అనే మాట మాత్రం ఎంత కోపంలోనూ వద్దు. అది విన్న పిల్లలు ప్రతి పాయింట్‌కీ అప్పు తీరుస్తున్నట్టు ఆడతారు. డబ్బు నిజంగానే ఇబ్బందైతే, ఓటమితో ముడిపెట్టకుండా, మామూలు రోజున కూర్చోబెట్టి చెప్పండి. పదో తరగతి ఏడాది ఆట తగ్గించాలనుకున్నా అంతే, ఏప్రిల్‌లోనే మాట్లాడుకుని టైమ్‌టేబుల్ వేసుకోండి.

బంధువుల ముందు ‘మావాడు నేషనల్స్ ఆడతాడు’ అని ముందే ప్రకటించకండి. ‘ఏమనుకుంటారో’ అనే అనుమానానికి విత్తనం అక్కడే పడుతుంది.

ఇది మామూలు అనుమానం కానప్పుడు

రెండు వారాలకు మించి నిద్రపట్టకపోవడం, తిండి మానేయడం, ఇష్టమైన ఆట పేరెత్తితేనే కడుపులో తిప్పడం, బతకాలని లేదనిపించడం ఉంటే నోట్‌బుక్ సరిపోదు. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కోచ్‌గానీ సీనియర్లుగానీ కొడుతున్నా, అసభ్యంగా తాకుతున్నా, ‘ఎవరికైనా చెబితే టీమ్‌లో ఉండవు’ అని బెదిరిస్తున్నా అది నీ ధైర్యం సమస్య కానే కాదు, నేరం. ఇంట్లో నమ్మకమైనవాళ్లకి వెంటనే చెప్పు, లేదా 1098కి ఫోన్ చెయ్యి.

సెలక్షన్స్ వారం

కొత్త షాట్, కొత్త స్టార్ట్, కొత్త బూట్లు ఈ వారం ఏవీ వద్దు. నాలుగు రోజుల ముందు నుంచి ప్రాక్టీస్ సగానికి తగ్గించు. కాళ్లలో చురుకు పోకుండా కొన్ని వేగమైన పరుగులు మాత్రం ఉంచు. రెండు రోజుల ముందు నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదివి, బాగా కుదిరిన మూడు అంకెల్ని చిన్న చీటీ మీద రాసి కిట్ బ్యాగ్‌లో పెట్టుకో.

ముందురోజు రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. అంతకుముందు రాత్రులు బాగా పడుకునుంటే ఆ ఒక్క రాత్రితో పెద్దగా తేడా రాదు. పొద్దున రోజూ తినేదే తిను. పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ అయితే తేలిగ్గా అరుగుతుంది. పూరీ, బజ్జీ జోలికి వెళ్లకు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, బోనఫైడ్ ఒరిజినల్స్‌తో పాటు జిరాక్స్‌లు రెండేసి సెట్లు పెట్టుకో. అథ్లెటిక్స్ వాళ్లు కాల్ రూమ్ (పోటీకి ముందు హాజరు వేయించుకునే చోటు) టైమ్‌ని నోటీసు బోర్డు దగ్గర స్వయంగా చూసుకోండి, ఫ్రెండ్ చెప్పాడని ఆగకండి. రిపోర్ట్ చేయకపోతే ఎంత ఫామ్‌లో ఉన్నా లేన్ దాకా పోనివ్వరు.